రీస్ట్రక్చరింగ్ తర్వాత మిగిలిన టీమ్ కుదేలవకుండా పని లెక్క కట్టడం ఎలా

నిర్ణయం పైనుంచి వచ్చేసింది. ఎనిమిది మంది ఉన్న మీ టీమ్‌లో ఇక ఆరుగురే ఉంటారు. ఎవరిని తీసేయాలి, సెటిల్‌మెంట్ ఎంత అన్నవి హెచ్‌ఆర్, ఫైనాన్స్ వాళ్లు చూసుకుంటారు. ఆ ఇద్దరు చేస్తున్న పని ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం చాలా కంపెనీల్లో ఎవరూ అడగరు. కుర్చీలు ఖాళీ అవుతాయి, పని అక్కడే ఉంటుంది. వారం తిరిగేసరికి అది చప్పుడు లేకుండా పక్కవాళ్ల ఒళ్లో పడుతుంది.

ఈ గైడ్ టీమ్ లీడ్‌లకు, మేనేజర్లకు, వాళ్లతో కలిసి పనిచేసే హెచ్‌ఆర్ వాళ్లకు. మేనేజర్ ఇవేవీ చేయని టీమ్‌లో ఉన్న ఉద్యోగి కోసం చివర్లో కొంచెం ఉంది. కోత సరైనదా కాదా అన్న చర్చ ఇక్కడ లేదు. అది మీ చేతిలో లేని రోజున మీ చేతిలో ఏముందో చూద్దాం.

ముందుగా, ఇంత శ్రమ ఎందుకంటే

1990ల మొదట్లో ఫిన్లాండ్ తీవ్రమైన ఆర్థిక మాంద్యంలో పడింది. పట్టణ పాలక సంస్థలు సిబ్బందిని బాగా తగ్గించాయి. ఉద్యోగం నిలబడినవాళ్ల ఆరోగ్యం ఏమైందో యుస్సి వాహ్‌తెరా, మికా కివిమాకి బృందం ఏళ్ల తరబడి గమనించింది. 10 పట్టణాల్లో 22,430 మంది మీద చేసిన ఆ అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 18 శాతానికి మించి కోత పడిన చోట్ల, మిగిలిన ఉద్యోగుల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్లు కోత లేని చోట్లకంటే దాదాపు రెట్టింపు. మొదటి నాలుగేళ్లలోనైతే తేడా ఐదు రెట్ల దాకా ఉంది. ఉద్యోగం చేసే వయసులో అలాంటి మరణాలు అసలే తక్కువ కాబట్టి రెట్లు చూసి హడలిపోనక్కర్లేదు. కానీ ఇవన్నీ ఉద్యోగం పోనివాళ్ల లెక్కలే అన్నది మరిచిపోకండి.

మీకు ఇంకా పనికొచ్చేది అదే బృందం రైసియో అనే పట్టణ ఉద్యోగుల మీద చేసి 2000లో ప్రచురించిన పరిశోధన. కోత తర్వాత అనారోగ్య సెలవులు పెరగడానికీ కోతకూ ఉన్న సంబంధంలో దాదాపు సగం పని తీరులో వచ్చిన మార్పుల దగ్గర తేలింది: పని భారం పెరగడం, పని మీద పట్టు తగ్గడం, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియకపోవడం. ఈ మూడింటిలో మొదటి రెండు టీమ్ స్థాయిలోనే తేలతాయి. మార్కెట్‌ను మీరు మార్చలేరు, శుక్రవారం రిపోర్టును ఆపగలరు.

1. కోతకు ముందే పని పట్టిక రాయండి

4 వారాలు తీసుకోండి. అంత గడువు లేకపోతే 2 వారాలైనా సరే, కానీ అందులో నెలాఖరు వారం ఒకటి ఉండాలి. టీమ్‌లో ప్రతి ఒక్కరూ రోజు ముగిసే ముందు 10 నిమిషాలు కూర్చుని ఆ రోజు చేసిన పనులు రాస్తారు. ఒక్కో పనికి ఐదు గడులు చాలు: పని పేరు, ఎన్నాళ్లకోసారి వస్తుంది, ఒకసారికి ఎంతసేపు పడుతుంది, ఎవరికి అందుతుంది, చేయకపోతే ఏది ఆగుతుంది.

జాబ్ డిస్క్రిప్షన్ చూసి మీరే నింపేయకండి. దాంట్లో ఉండని పనే టీమ్‌ను నడుపుతూ ఉంటుంది. కొత్తవాళ్లకు పని నేర్పేది ఎవరు? పాత సర్వర్ మొరాయిస్తే ఎక్కడ తట్టాలో ఎవరికి తెలుసు? విసుక్కునే కస్టమర్ ఫోన్ చేసి ఎవరి పేరు అడుగుతాడు? ఇలాంటి పనులన్నీ ఒకే మనిషి దగ్గర పోగుపడి ఉండటం, ఆ మనిషికి పెద్ద హోదా లేకపోవడం మామూలే. కోత జాబితాలో ఆ పేరు సులువుగా చేరిపోయేదీ అందుకే.

గంటలు కొలవడానికి కీబోర్డ్ నొక్కులు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ పెట్టకండి. కోత ఖాయమని తెలిసిన చోట అది పెడితే మీకు వచ్చేవి నటన లెక్కలు. పట్టిక ఎందుకు రాయిస్తున్నారో కూడా దాచొద్దు. «టీమ్ చిన్నదైతే ఏ పని ఆపాలో పైవాళ్లకు చూపించడానికి» అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎవరిని తీయాలో నిర్ణయించడానికి ఈ పట్టిక వాడనని మాట ఇస్తే దానికి కట్టుబడండి. ఇవ్వలేకపోతే ఆ మాట అసలు ఎత్తకండి.

2. గంటలు కూడండి

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి అంకెలతో చూద్దాం.

ఎనిమిది మంది, వారానికి 40 గంటలు. కాగితం మీద 320. కానీ మీటింగులు, మెయిళ్లు, శిక్షణ, సెలవులో ఉన్నవాళ్ల పని సర్దుకోవడం, ఇవన్నీ పోగా ఒక మనిషికి అసలు పనికి దొరికేది 32 గంటలు అనుకుందాం. అంటే 8 × 32 = 256. పట్టికలో తేలిన మొత్తం పని 250 గంటలు. టీమ్ సరిగ్గా సరిపోతోంది, ఖాళీగా కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు.

ఇద్దరు వెళ్లాక 6 × 32 = 192. పని మాత్రం అదే 250. తేడా 58 గంటలు.

ఆ తేడా గురించి ఎవరూ ఏమీ అనకపోతే ఒక్కొక్కరి మీద 250 ÷ 6, అంటే దాదాపు 42 గంటల పని పడుతుంది. మీటింగులూ మెయిళ్లూ తినే 8 గంటలు ఎక్కడికీ పోవు. వెరసి వారానికి 50. నెలాఖరులో ఇంకో 6 గంటలు తోడైతే 55 దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒకటి రెండు వారాల అలసట గురించి కాదు ఈ మాట, అదే బతుకైపోయినవాళ్ల గురించి.

ఈ లెక్కలో ఇంకా కలవనిది ఒకటుంది. కొత్తగా చేతికొచ్చిన పని పాత మనిషికి పట్టినంత సేపట్లో పూర్తవదు. మొదటి 2 నెలలు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. సగటుతో సరిపెట్టుకోవడం మరో తప్పు. నెలలో మూడు వారాలు తేలిగ్గా ఉండి నాలుగో వారం విరుచుకుపడే టీమ్‌కు సగటు ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. అలాంటి చోట నాలుగో వారానికి విడిగా లెక్క కట్టండి.

3. ఆపే జాబితా రాసి, సంతకం చేయించండి

58 గంటలు ఎక్కడో తగ్గాలి. పట్టిక ముందు పెట్టుకుని ప్రతి పని దగ్గరా అడగండి: పూర్తిగా ఆపగలమా, తరచుదనం తగ్గించగలమా, ఇంకో విభాగం ఒప్పుకుని తీసుకుంటుందా, గడువు పెంచగలమా.

పై టీమ్‌నే తీసుకోండి. రోజూ 45 నిమిషాలు పట్టే రిపోర్టు వారానికి 3 గంటల 45 నిమిషాలు. దాన్ని వారానికొకటి చేసి, దానికి గంటంపావు ఇస్తే 2.5 గంటలు మిగులుతాయి. రోజూ ఉదయం 45 నిమిషాల మీటింగును వారానికి 2 రోజులకు తగ్గిస్తే ఆరుగురికీ కలిపి 13.5 గంటలు వస్తాయి. బిల్లులన్నీ ఇద్దరు చూసే చోట చిన్న మొత్తాల్లో పదింట ఒకటి మాత్రమే రెండోసారి చూస్తే 12 గంటలు అనుకుందాం. మొత్తం 28.

ఇంకా 30 గంటలు మిగిలాయి. అది దాదాపు ఒక మనిషి పని. అంటే సర్దుబాట్లతో ఒకరి లోటు పూడుతుంది. రెండో మనిషి లోటు పూడాలంటే ఒక సేవ పూర్తిగా ఆగాలి, లేదా గడువులు సాగాలి. ఈ వాక్యం మీ పై అధికారి ముందు పెట్టడానికే ఇంత కూడికా తీసివేతా. «టీమ్ మీద ఒత్తిడి ఎక్కువైంది సార్» అంటే సానుభూతి దొరుకుతుంది. «30 గంటల పని ఎక్కడ ఆపమంటారు, ఇవిగో మూడు దారులు» అంటే జవాబు చెప్పక తప్పదు.

«అన్నీ ముఖ్యమే, మీరే మేనేజ్ చేయండి» అన్న జవాబు వస్తే జాగ్రత్త. అలా అన్నారంటే, ఏ పని ఆగాలో రాత్రి 9 గంటలకు అలసిపోయిన ఉద్యోగి ఒంటరిగా తేల్చుకుంటాడు, తర్వాత మాట కూడా అతనే పడతాడు. అందుకే ఆపిన పనుల జాబితా కాగితం మీదో మెయిల్‌లోనో ఉండాలి, దాని కింద పై అధికారి ఒప్పుకున్నట్టు ఒక్క వాక్యమైనా ఉండాలి. భద్రతకు, చట్టానికి సంబంధించిన తనిఖీలు ఈ జాబితాలోకి రాకూడదు. ఆ తనిఖీలు ఆపితే మిగిలే గంటలు త్వరగా కనబడతాయి కాబట్టి అందరి చూపూ ముందు వాటి మీదే పడుతుంది.

4. చెప్పే రోజు

వెళ్లేవాళ్లకు ముందు, విడివిడిగా, ఎదురుగా కూర్చుని. మిగిలినవాళ్లకు అదే రోజు, వీలైతే గంటలోపు. మధ్యలో ఎంత ఖాళీ ఉంటే అంత పుకారు. శుక్రవారం సాయంత్రం చెప్పి చేతులు దులుపుకోకండి. రెండు రోజులపాటు అడగడానికి మనిషి లేక అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. వారం మొదట్లో, ఉదయం పూట చెబితే ఆ వారమంతా మీరు అందుబాటులో ఉండొచ్చు.

మాటల విషయానికి వస్తే, ఇలా రాయకండి:

«మారుతున్న వ్యాపార అవసరాలకు అనుగుణంగా సంస్థను మరింత చురుగ్గా తీర్చిదిద్దే క్రమంలో కొన్ని రోల్స్‌ను పునఃసమీక్షించడం జరిగింది.»

ఇలా చెప్పండి:

«ఈ రోజు మన టీమ్‌లో రెండు ఉద్యోగాలు తీసేశారు. ఆ ఇద్దరితో ఉదయం 10 గంటలకు నేనే మాట్లాడాను. కారణం, ఎంపిక ఎలా జరిగింది అన్నవి ఇప్పుడు చెబుతాను. వాళ్ల పనుల్లో ఏవి ఆగిపోతాయో, ఏవి మనకు వస్తాయో జాబితా ఇదిగో. జీతాలు, గ్రేడులు మారవు. షిఫ్టుల సంగతి ఇంకా తేలలేదు, 14వ తేదీ సాయంత్రంలోగా చెబుతాను. ఇకముందు ఇంకో కోత ఉండదని నేను మాట ఇవ్వలేను.»

చివరి వాక్యం చాలామంది మేనేజర్లకు గొంతులో పడుతుంది. ధైర్యం చెప్పబోయి «ఇదే ఆఖరు» అనేస్తారు. రెండో విడత వచ్చిన రోజున ఆ మేనేజర్ మాట ఇంకెవరూ నమ్మరు, మంచి మాట చెప్పినా సరే.

కారణం విడమరిచి చెప్పడం మర్యాద కోసమే కాదు. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన పరిశోధనలో ఒకే కంపెనీ ఫ్యాక్టరీలు రెండింటిలో 10 వారాలపాటు 15 శాతం జీతం తగ్గించారు. ఎందుకో అంకెలతో, విచారంతో వివరంగా చెప్పిన చోటకంటే పొడిపొడిగా చెప్పిన చోట దొంగతనాలు, మానేసినవాళ్లు ఎక్కువ. కోత రెండు చోట్లా ఒకటే. ష్వైగర్, డెనిసి 1991లో కంపెనీ విలీనం మీద చేసిన పరిశోధన ఇంకో సంగతి చెబుతుంది: ఎంత బాగా చెప్పినా మొదట్లో ఆందోళన పెరుగుతుంది. క్రమం తప్పకుండా సమాచారం ఇచ్చిన చోట అది అక్కడ ఆగింది, ఇవ్వని చోట పెరుగుతూ పోయింది. కాబట్టి మొదటి వారం ముఖాలు చూసి «చెప్పడమే తప్పయిందా» అనుకోకండి.

వచ్చిన ప్రశ్నలన్నీ ఒక ఫైల్‌లో, అందరికీ కనబడేలా రాయండి. ప్రతిదానికీ 2 పనిదినాల్లో జవాబు ఉండాలి, «ఇంకా తెలియదు, ఫలానా తేదీకి చెబుతాం» అన్నదైనా సరే.

5. హ్యాండోవర్, అనుమతులు, ఇద్దరు బాస్‌లు

వెళ్లే మనిషి యాక్సెస్ గంటలో తీసేసి, ఆ తర్వాత ఫైళ్లు వెతుక్కునే కంపెనీలు ఎన్నో. భద్రత కారణంగా అది తప్పకపోతే పని పట్టికే మీకు దిక్కు. వారం, రెండు వారాలు దొరికితే మూడు మెట్లలో చేయండి: తీసుకునే మనిషి పక్కన కూర్చుని చూడటం, తానే చేస్తుంటే పాత మనిషి చూడటం, చివరగా ఒక పేజీ రాసుకోవడం. రాత ముందు పెట్టుకుంటే అది 40 పేజీలై ఎవరూ చదవరు. వెళ్లిపోతున్న మనిషికి ఇది ఎంత కష్టమో గుర్తుంచుకుని అడగండి. రోజుకు 2 గంటలకు మించి అడక్కండి.

తర్వాత ఒక కాగితం మీద నాలుగు జవాబులు: సెలవు ఎవరు ఇస్తారు, ఖర్చుకు సంతకం ఎవరిది, అప్రైజల్ ఎవరు రాస్తారు, రాత్రి సిస్టమ్ ఆగితే ఎవరికి ఫోన్ చేయాలి. కొత్త ఆర్గ్ చార్ట్‌లో గీతలు అందంగానే ఉంటాయి. ఈ నాలుగు ప్రశ్నలకు రెండేసి పేర్లు వచ్చాయంటే ఆ ఉద్యోగి ఇద్దరు బాస్‌ల మధ్య నలుగుతాడు.

రీస్ట్రక్చరింగ్ అయ్యాక ఖర్చుల అదుపు పేరుతో అనుమతులన్నీ రెండు మెట్లు పైకి పోతాయి. నిన్నటిదాకా తనే కొనుక్కున్న కేబుల్ కోసం ఇవాళ డైరెక్టర్ సంతకం కావాలి. పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979 నుంచి చెబుతూ వచ్చినది ఇదే: పని ఒత్తిడి పెరిగి, పని మీద సొంత నిర్ణయం తగ్గితే మనిషి బాగా దెబ్బతింటాడు. ఒత్తిడి మీరు పూర్తిగా తగ్గించలేనప్పుడు నిర్ణయం చేతికివ్వండి. ఏ పని ముందు చేయాలి, షిఫ్టు ఎవరితో మార్చుకోవాలి, ఇంటి నుంచి ఏ రోజు పనిచేయాలి అన్నవి మీ స్థాయిలోనే వదిలేయొచ్చు, పైసా ఖర్చు లేదు. బాధ్యత శాశ్వతంగా పెరిగినవాళ్లకు జీతం సంగతి ఎప్పుడు చూస్తారో తేదీతో చెప్పండి. కొత్త హోదా పేరు, పాత జీతం, రెట్టింపు పని: ఈ మూడూ కలిస్తే మంచి పనిమంతులు ముందు వెళ్తారు, ఎందుకంటే బయట ఉద్యోగం దొరికేది వాళ్లకే.

6. ఒక్కొక్కరితో అరగంట

మొదటి 10 పనిదినాల్లో అందరితోనూ విడిగా 30 నిమిషాలు మాట్లాడండి. «అంతా బాగానే ఉందా?» అని అడిగితే «బాగానే ఉంది» తప్ప ఇంకేం రాదు. ఉద్యోగం మీద భయం ఉన్నప్పుడు ఎవరైనా అదే చెబుతారు. జరిగిన పని గురించి అడగండి:

«పోయిన వారం ఏ పని వదిలేయాల్సి వచ్చింది?»
«మధ్యాహ్నం భోజనానికి సీటు దగ్గర్నుంచి లేచిన రోజులు ఎన్ని?»
«ఏ పని చేస్తున్నప్పుడు ఎవరిని అడగాలో తెలియలేదు?»

వెళ్లినవాళ్ల పేరు ఎత్తకూడదన్నట్టు ఉండకండి. «తను పోయి నేను ఎందుకు మిగిలాను» అన్న బాధ చాలామందిలో ఉంటుంది, పైకి చిరాకులా కనిపిస్తుంది. దాన్ని విని ఊరుకోండి. «నీకు ఉద్యోగం ఉంది కదా, సంతోషించు» అన్న మాట గోరుచుట్టు మీద రోకటిపోటు.

వారాల తరబడి నిద్ర పట్టడం లేదన్నవాళ్లను డాక్టర్ దగ్గరకు వెళ్లమనండి, దానికి సెలవు మీరే ఇవ్వండి. బతకాలని లేదన్న మాట ఏ రూపంలో వినబడినా వేళాకోళంగా తీసుకోవద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, వెంటనే వైద్య సహాయం, ఇంట్లోవాళ్లు అందేలా చూడండి. ఇది అతిగా చెబుతున్న మాట కాదు. ఫ్రాన్స్ టెలికాంలో 22,000 మందిని బయటికి పంపాలన్న ప్రణాళిక నడిచిన కాలంలో జరిగిన ఆత్మహత్యల మీద కేసు నడిచి, 2019 డిసెంబరులో పారిస్ కోర్టు కంపెనీని, మాజీ అధిపతి డిడియే లొంబార్‌తో సహా పెద్ద అధికారులను వేధింపుల నేరంలో దోషులుగా తేల్చింది. ఉద్యోగులు తమంతట తామే వెళ్లిపోయేలా పని వాతావరణాన్ని చెడగొట్టడమే అక్కడ నేరం.

7. అంకెలు చూడండి, వాటిని నమ్మేముందు ఆలోచించండి

ప్రతి నెలా ఐదు చాలు: అనారోగ్య సెలవులు, వాడుకోని సెలవులు, అదనపు గంటలు, తప్పులు లేదా మళ్లీ చేయాల్సివచ్చిన పని, రాజీనామాలు. ముందు 12 నెలల అంకెలు పక్కన ఉంటేనే వీటికి అర్థం.

కోత తర్వాత అనారోగ్య సెలవులు తగ్గితే సంబరపడకండి. ఒంట్లో బాగోకపోయినా వస్తున్నారేమో చూడండి. ఫిన్లాండ్ అధ్యయనంలో పెద్ద కోత తర్వాత సెలవులు పెరిగింది పర్మినెంట్ ఉద్యోగులకే, తాత్కాలిక ఉద్యోగులకు కాదు. మీ కాంట్రాక్ట్ సిబ్బంది సెలవు పెట్టడం లేదంటే వాళ్లు కులాసాగా ఉన్నారని రాసేసుకోవద్దు.

ఎవరైనా వరుసగా 3 వారాలు 48 గంటలు దాటితే ఆ వారమే పట్టిక తీసి ఒక పని దించండి. సర్వే పెడితే ఎనిమిది మందికి తక్కువ ఉన్న టీమ్ ఫలితాన్ని విడిగా చూపించకండి. ఎవరు ఏం రాశారో ఇట్టే తెలిసిపోతుంది, మళ్లీసారి ఎవరూ నిజం రాయరు.

మీ మేనేజర్ ఇవేవీ చేయకపోతే

పట్టిక మీకోసం మీరే రాసుకోండి, 2 వారాలు చాలు. తర్వాత మెయిల్ పెట్టండి: «నా దగ్గర ఇప్పుడు వారానికి 52 గంటల పని ఉంది, వివరాలు కింద ఇచ్చాను. 42 గంటల్లో అయ్యేవి ఈ వరుసలో చేస్తున్నాను. చివరి మూడు పనులు ఈ వారం జరగవు. వరుస మార్చాలంటే బుధవారంలోగా చెప్పండి.» ఫిర్యాదులా ఉండదు, నిర్ణయం ఎవరిదో వాళ్ల దగ్గరికే వెళ్తుంది. కొత్త హోదా లెటర్ మీద సంతకం పెట్టేముందు పని గంటలు, పనిచేసే చోటు, నోటీస్ పీరియడ్, పాత సర్వీసు కలుస్తుందా లేదా అన్న నాలుగూ చదవండి. అక్కడికక్కడే సంతకం పెట్టమంటే ఒక రోజు అడగండి.

90వ రోజున

పని పట్టిక మళ్లీ రాయించండి, ఈసారి ఒక్క వారం చాలు. ఆపిన పనుల్లో రెండో మూడో ఈపాటికి వెనక్కి వచ్చేసి ఉంటాయి. ఎవరో ఒకసారి «ఈ ఒక్క వారానికి ఆ రిపోర్టు ఇవ్వగలరా» అని అడిగి ఉంటారు, మీ టీమ్‌లో కాదనలేని మనిషి ఇచ్చి ఉంటాడు, అప్పటినుంచి ప్రతి శుక్రవారం వెళ్తూ ఉంటుంది. అడిగినవాళ్లకు సంతకం చేయించిన ఆ జాబితా పంపండి. కావాలంటే దాని బదులు ఏ పని ఆపాలో వాళ్లనే చెప్పమనండి.